నాయినతో కాశీ విమానం: నా అనుభవం

మా నాయినది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మనిషి. వెన్ను బిగుసుకుపోయింది, మోకాళ్లు సగానికి మించి వంగవు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే. మా వైపు పెద్దవాళ్లలో ఈ బాధ పడుతున్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల పిల్లలు ఎవరైనా అమ్మానాన్నలను విమానం ఎక్కించాలనుకుంటే పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

కాశీకి పోవాలని నాయినకు ఎప్పటి నుంచో కోరిక. రైల్లో అయితే ఒక రోజుకు పైనే పడుతుంది. బెర్తు మీద పడుకుని లేవడం ఆయన వల్ల కాదు. హైదరాబాద్ నుంచి వారణాసికి విమానంలో సుమారు రెండు గంటలే కాబట్టి నాయినకు, అమ్మకు, నాకు ముగ్గురికీ ఎకానమీ టికెట్లు కొన్నాను. ఎకానమీలో ఒక వరుసకూ ఇంకో వరుసకూ మధ్య మామూలుగా 28 నుంచి 31 అంగుళాలు ఉంటుంది. మోకాలు వంగని మనిషికి ఆ జాగా ఏ మూలకూ చాలదు. అందుకే మొదటి వరుసలో నడవ వైపు సీటుకు విడిగా డబ్బు కట్టాను. ఎమర్జెన్సీ డోర్ పక్క వరుసలో కూడా కాళ్లు చాపుకోవచ్చు కానీ, అవసరమైతే ఆ తలుపు తీయగలిగినవాళ్లనే అక్కడ కూర్చోనిస్తారు.

వీల్‌చైర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. టికెట్‌లో అందుకు పెట్టే కోడ్‌లు ముఖ్యంగా మూడు రకాలు. దూరం నడవలేరు గానీ మెట్లు ఎక్కగలరు అనుకుంటే డబ్ల్యూసీహెచ్‌ఆర్. మెట్లు ఎక్కలేరు, విమానం లోపల నాలుగడుగులు వేయగలరు అనుకుంటే డబ్ల్యూసీహెచ్‌ఎస్. అసలు నడవలేనివాళ్లకు, సీటు దాకా కుర్చీలోనే తీసుకెళ్లాల్సినవాళ్లకు డబ్ల్యూసీహెచ్‌సీ. నాయినకు కావాల్సింది రెండోది. 48 గంటల ముందే చెప్పాలన్నది నిబంధన, నేను టికెట్ కొన్నప్పుడే పెట్టాను.

ప్రయాణం రోజు నల్లగొండలో తెల్లవారుజామునే బయలుదేరి, చౌటుప్పల్ దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి, చాలా ముందుగానే శంషాబాద్ చేరాం. చెక్-ఇన్ కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ చేతికిచ్చారు. నాయినకు వెనకెక్కడో మధ్య సీటు, నాకూ అమ్మకూ వేరే వరుసల్లో! అడిగితే విమానం మారిందన్నారు. అలా వేరే విమానం పెట్టినప్పుడు సీట్లను కంప్యూటరే మళ్లీ సర్దేస్తుందట. పన్నెండేళ్ల లోపు పిల్లలను తల్లి పక్కనో తండ్రి పక్కనో కూర్చోబెట్టాలని 2024లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చెప్పింది గానీ, ముసలివాళ్లకు తోడు వచ్చినవాళ్ల గురించి అందులో లేదు. నాకు నిజంగా కడుపు మండింది ఆ తర్వాత మాటకు. వాళ్ల రికార్డులో నాయిన పేరు ముందు డబ్ల్యూసీహెచ్‌ఆర్ అని ఉంది. అంటే ఆయన మెట్లు ఎక్కగలడని రాసుకున్నారు! నా బుకింగ్ చూపించాను. గేట్ దగ్గర చూస్తారులెండి అన్నారు. సీటుకు డబ్బు కట్టిన రసీదునూ కొత్త బోర్డింగ్ పాస్‌నూ పక్కపక్కన పెట్టి అక్కడే ఫొటో తీసుకున్నాను.

విమానం ఆలస్యమన్నారు. రెండు గంటలు దాటింది. రెండున్నర గంటల లోపు ప్రయాణాలకు ఆలస్యం రెండు గంటలైతే తినడానికి, తాగడానికి ఉచితంగా ఇవ్వాలి. అడిగేదాకా ఎవరూ ఇవ్వలేదు. నేను అడిగాక గేట్ దగ్గరున్న అందరికీ శాండ్‌విచ్, జ్యూస్ పంచారు. నాయిన మాత్రం అమ్మ కట్టుకొచ్చిన జొన్నరొట్టె తిన్నాడు.

ఆ తర్వాత బస్సులో విమానం దగ్గరికి తీసుకెళ్లారు. ఎదురుగా మెట్లు. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లను తలుపు ఎత్తుకు లేపే అంబులిఫ్ట్ బండి కావాలని ఎయిర్‌లైన్ వాళ్లు అసలు అడగనేలేదు, రికార్డులో ఆర్ అని ఉంది కాబట్టి. "పెద్దాయన మెల్లగా ఎక్కగలరా మేడమ్?" అన్నాడు ఒకతను. ఎక్కలేరన్నాను. అయితే ఇద్దరం కుర్చీతో సహా ఎత్తేస్తాం అన్నారు. నాయిన నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "వద్దు బిడ్డా, నన్ను మొయ్యనియ్యకు" అన్నాడు. ఆ బండి వచ్చేదాకా మేం ఎక్కేది లేదని తేల్చి చెప్పాను. మిగతావాళ్లంతా ఎక్కేశారు. ఎండలో రెక్క నీడకు నిలబడ్డాం. చివరికి బండి వచ్చింది.

లోపల ముందు వరుసల్లో నడవ వైపు కూర్చున్న ఒకాయన సంగతి చూసి, అడగకుండానే లేచి సీటిచ్చాడు. ఎయిర్ హోస్టెస్ ఒకమ్మాయి నడవ వైపు ఆర్మ్‌రెస్ట్ కింద, వెనక మూలలో వేలు పెట్టి ఏదో నొక్కింది, ఆర్మ్‌రెస్ట్ పైకి లేచింది. చాలా విమానాల్లో అక్కడ కనిపించకుండా ఒక మీట ఉంటుందట. నాయిన నడుం తిప్పకుండా పక్క నుంచి జరిగి కూర్చున్నాడు. దిగేటప్పుడూ అలాగే. ఈ ఒక్క సంగతి అందరూ గుర్తుపెట్టుకోండి, అడిగితే సిబ్బంది తీసిపెడతారు. అయినా మోకాళ్లు ముందు సీటుకు ఆనుకునే ఉన్నాయి, ఒక కాలు నడవలోకి చాపుకుని, తిండి పెట్టే ట్రాలీ వచ్చినప్పుడల్లా లాక్కుంటూ గడిపాడు. వారణాసి విమానాశ్రయం బాబత్‌పూర్‌లో దింపుకోవడం బాగానే జరిగింది.

తిరిగొచ్చే టికెట్ గురించి కాశీ నుంచే రెండు రోజుల ముందు ఫోన్ చేశాను. డబ్ల్యూసీహెచ్‌ఎస్ అని మెయిల్‌లో రాసి పంపేదాకా ఫోన్ పెట్టలేదు. ఆ ప్రయాణంలో అంబులిఫ్ట్ ముందే సిద్ధంగా ఉంది.

ఇంటికొచ్చాక ఎయిర్‌లైన్‌కు ఫిర్యాదు రాశాను. అసౌకర్యానికి చింతిస్తున్నామని రెండు వాక్యాల జవాబొచ్చింది. ప్రతి ఎయిర్‌లైన్‌కూ ఫిర్యాదులు చూసే ఒక నోడల్ అధికారి, ఆయన పైన అప్పీలు అధికారి ఉంటారు, వివరాలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. నోడల్ అధికారికి రాసి, పౌర విమానయాన శాఖ వాళ్ల ఎయిర్‌సేవ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేశాను. పీఎన్ఆర్ నంబరు, రసీదు, ఆ ఫొటో జతచేశాను. సీటుకు కట్టిన డబ్బు మొత్తం వెనక్కి వచ్చింది. ఎస్ అని పెట్టింది ఆర్ ఎలా అయిందో మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. డబ్బిచ్చి ఆ ప్రశ్నను మూసేస్తే ఒప్పుకునేది లేదు. అప్పీలు అధికారికి రాశాను, జవాబు రావాల్సి ఉంది.