చేతికి వినపడిన బాఖ్

జర్మన్ స్వరకర్త బాఖ్ ఆర్గన్ కోసం రాసిన పాసకాల్యా (కింది స్వరాల్లో ఒకే వరస మళ్ళీ మళ్ళీ వచ్చే రచన) మొదలైన సంగతి చెవి కంటే ముందు నా అరచేతికి తెలిసింది. చెక్క బెంచీ మీద చెయ్యి ఆనించి కూర్చున్నా. పైన ఏ తోడూ లేకుండా, ఆర్గనిస్టు కాళ్ళ కింది పెడళ్ళతోనే ఆ ఎనిమిది బార్ల (తాళం ఆవర్తాల) వరస నెమ్మదిగా నడిపిస్తుంటే చేతి కింద చెక్క సన్నగా వణికింది. గుళ్ళో గంట కొట్టాక స్తంభానికి చెంప ఆనిస్తే తెలిసే వణుకు, అచ్చం అదే!

లాట్వియా రాజధాని రీగాలోని పెద్ద చర్చి, రీగా డోమ్‌లో ఉన్నా ఇవాళ సాయంత్రం. ఇక్కడిది 1884 నాటి ఆర్గన్, గాలితో మోగే 6,718 గొట్టాలు. పెద్దది దాదాపు పది మీటర్లు, చిన్నవి వేలి కణుపంత కూడా ఉండవు.

బాఖ్ తర్వాత లాట్వియా స్వరకర్త పేటెరిస్ వాస్క్స్ రాసిన దైవస్తుతి ‘తే దేయుమ్’ వాయించారు. రెండిటికీ ఎక్కడ పొత్తు కుదురుతుందా అనుకున్నా గానీ, అంతసేపు కట్టుదిట్టంగా మెట్టు మీద మెట్టు కట్టుకుంటూ వెళ్ళిన సంగీతం విన్నాక ఇది ఒక్కసారిగా తలుపులు బార్లా తీసినట్టుంది. రాసింది 1991లో, లాట్వియాకి మళ్ళీ స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది. సోవియట్ కాలంలో ఇదే చర్చిలో ప్రార్థనలు ఆపించి కచేరీ హాలుగా వాడారు. అలాంటి చోట కూర్చుని ఈ దైవస్తుతి వినడం మామూలు విషయం కాదు.

ఆఖరి స్వరం ఆగాక కూడా పైకప్పు కింద కొన్ని క్షణాలు అలాగే మోగుతూ ఉంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

పక్కన ఉన్ని టోపీ పెట్టుకున్న పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటోంది. ఆ 1991లో ఎక్కడున్నారమ్మా అని అడగాలనిపించింది, కానీ అంత లాట్వియన్ రాదు. ‘పాల్డియెస్’ (ధన్యవాదాలు) అన్నా. ఆవిడ నా చెయ్యి గట్టిగా నొక్కి వదిలింది.