పలెర్మోలో తాతయ్య తెచ్చే కానుకలు

ఇటలీలోని సిసిలీ దీవిలో, పోయినవారిని తలుచుకునే పండుగైన నవంబరు 2వ తేదీన పిల్లలకు కానుకలిచ్చేది తమ ఇంట్లో కన్నుమూసిన పెద్దలే. ముందురోజు రాత్రి పిల్లలు నిద్రపోయాక ఆ పెద్దలు వచ్చి బొమ్మలనూ మిఠాయిలనూ మంచాల కింద, బీరువాల వెనక దాచి వెళ్తారని, తెల్లవారగానే పిల్లలు ఇల్లంతా గాలించి వాటిని పట్టుకుంటారని ఇక్కడి అమ్మమ్మలు చెప్తారు. మాట వినని పిల్లల అరికాళ్ళను మాత్రం చీజ్ గ్రేటర్‌తో గీకిపోతారట. అందుకని పడుకోబోయే ముందు గ్రేటర్‌ను దాచేయడం కూడా ఆ రాత్రి ముచ్చటే. కానుకలు దొరికాక కుటుంబాలు పూలు తీసుకుని సమాధుల దగ్గరకు వెళ్తాయి.

మేముండే సిసిలీ నగరం పలెర్మోలో ఈ పండుగ రోజుల్లో మిఠాయి దుకాణాలను చూడాలి. బాదం పిండి, చక్కెర కలిపి నారింజలుగా, అంజూరపు పళ్ళుగా మలిచి రంగులద్దే ‘మర్తొరానా’ పళ్ళు ఒకవైపు, ప్లాస్టర్ అచ్చుల్లో పాకం పోసి తీసిన చక్కెర బొమ్మలు ఇంకొకవైపు ఉంటాయి. ఆ బొమ్మల్లో కత్తి, డాలు పట్టిన వీరులు మధ్యయుగ ఐరోపాను ఏలిన షార్లెమేన్ చక్రవర్తి కొలువులోని వాళ్ళు. ఇనుప కడ్డీలతో ఆడించే సిసిలీ బొమ్మలాటలోని కథానాయకులూ వాళ్ళే. ఆ బొమ్మలాటను యునెస్కో 2001లో మానవాళి వారసత్వంగా ప్రకటించింది. పెళ్ళి సారెలోని పంచదార చిలకలను చూసి పెరిగిన నాకు ఈ బొమ్మలు మొదటి ఏడే చనువయ్యాయి.

ఈ పండుగను మా ఇంటికి రానివ్వడం గురించి విదేశాల్లోని మన స్నేహితులు కొందరు అభ్యంతరం చెప్పారు. ఇది క్యాథలిక్కుల పండుగ, పిల్లలు మన ఆచారాలు మరిచిపోతారని వారి భయం. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. అయితే మహాలయ అమావాస్యనాడు మావారు నువ్వులూ నీళ్ళూ వదులుతుంటే, పిల్లలకు అది భోజనం ఆలస్యమయ్యే రోజుగానే ఉండేది. మన పద్ధతిలో బతికున్నవారు పోయినవారికి పెడతారు, ఆ పెట్టేది ఇంట్లోని పెద్దవాళ్ళు. సిసిలీలో పోయినవారే వచ్చి పిల్లలకు పెడతారు. మా మామగారు పిల్లలు పుట్టకముందే పోయారు. గోడమీది ఫోటోగా తప్ప తెలియని మనిషి తమకోసం ఏదో తెస్తాడని ఎదురుచూడటం మొదలయ్యాకే, తర్పణం ఎవరికి, ఎందుకు అని పిల్లలు తండ్రిని అడిగారు.

చర్చిలో జరిగే ప్రార్థనలకు మేము వెళ్ళం. వెతుకులాట మాత్రం మా ఇంట్లోనూ ఉంటుంది. తాతయ్య కానుక ఆయన ఊరిదే అయి ఉండాలని యలమంచిలిలో ఉన్న మా అత్తగారు పట్టుబట్టి, దగ్గరలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసిన లక్క బొంగరాలు పంపారు. వాటికి తాడు చుట్టి విసరడం రాక పిల్లలు ఫోన్ చేస్తే, తాతయ్య మావారిని చిన్నప్పుడు వీధిలో నిలబెట్టి బొంగరం నేర్పిన తీరు, ఆయన కోపం, చింతకాయ పచ్చడిమీద ఆయనకున్న ప్రేమ అన్నీ ఆవిడ వరుసగా చెప్పుకొచ్చారు. నేను ఎన్నిసార్లు కూర్చోబెట్టి చెప్పినా కలగని ఆసక్తి ఆ సంభాషణలో చూశాను.

ఇక్కడి తల్లిదండ్రులకు ఉన్న బెంగ కూడా మన బెంగలాంటిదే. అక్టోబరు వచ్చేసరికి దుకాణాలు హాలోవీన్ ముసుగులతో నిండిపోతాయి, పోయిన పెద్దల కోసం ఎదురుచూడవలసిన పిల్లలు దెయ్యాల వేషాలు అడుగుతారు. మా కింది అంతస్తులోని పెద్దావిడ దీని గురించి చాలా బాధపడతారు. ఆవిడ దగ్గర పుట్టింటినుంచి వచ్చిన ప్లాస్టర్ అచ్చులున్నాయి. మనవలు దూరంగా ఉండటంతో అవి వాడకం లేకుండా పడి ఉన్నాయి. ఈసారి మా పిల్లలకు పాకం పట్టడం నేర్పుతానన్నారు. పంచదార చిలకల చెక్క అచ్చు కూడా ఒకటి పంపమని అత్తగారికి చెప్పాను.