తెలిసీ పడవెక్కింది

తలా ఒక పాత్రగా మారి కథని ఆడుకునే ఆటలో కూర్చున్నాం. "నేను పడవ ఎక్కుతున్నా" అంది చెల్లి. "వద్దే, ఎక్కకు!" అని పక్కనున్నవాడు ఆగలేక అరిచేశాడు.

"నాకేం తెలుసురా? నేనిప్పుడే దుర్గ ఘాట్‌కి వచ్చాను" అంది. ఎక్కేసింది. భవానీ ద్వీపం చేరేలోపే పట్టుబడింది.

ఆ పడవవాడు శత్రువుల మనిషని, కథ నడిపే గేమ్ మాస్టర్ నా పాత్రకి అందరి ముందే చెప్పాడు. చెల్లీ విన్నది. కానీ తన పాత్ర అప్పుడు గుంటూరులో ఉంది కదా!

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఇలాంటి ఆటల్లో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే: తనకి తెలిసినా, పాత్రకి తెలియనట్టే ఆడటం. రూల్స్, పాచికలు ఎవరైనా నేర్చుకుంటారు. ట్రోల్ అనే రాకాసి గాయాలు వాటంతటవే మానిపోతాయని, నిప్పో యాసిడో తగిలితేనే ఆ మానడం ఆగుతుందని పాత ఆటగాళ్లకి తెలుసు. అయినా ట్రోల్‌ని ఎన్నడూ చూడని పల్లెటూరి కుర్రాడిగా ఆడుతుంటే ముందు కత్తే దూయాలి. దెబ్బ తినాలి.

మయసభలో దుర్యోధనుడి వేషం కట్టినాయనకి అక్కడ మడుగుందని తెలియదా? తెలిసే అడుగేస్తాడు.

కొందరు గేమ్ మాస్టర్లు రహస్యాలు చీటీ మీద రాసో, వాట్సాప్‌లోనో ఒక్కరికే చెబుతారు. తప్పేం కాదు, కొత్తవాళ్లకి టెన్షన్ తగ్గుతుంది. హత్య ఎవరు చేశారో కనిపెట్టే కథలకైతే అదే సరైన పద్ధతి కూడా. మిగతా కథల్లో మాత్రం అందరి ముందూ చెప్పమనే నేను అడుగుతాను. ప్రమాదం తెలిసి కూడా తన పాత్రని అందులోకి పంపే ఆటగాళ్లతో ఎన్ని గంటలైనా కూర్చోగలను.