మటాడోర్‌కు ఫాగ్ బ్రీత్ ఉంది, ఇంగ్లీషుకు ఏముంది?

"ఏందిరా, ఆ బొక్కలోడు ఇంకా సావలేదా?"

పది రోజుల పాటు రాత్రి అన్నానికి పిలిచిన ప్రతిసారీ మా అమ్మ అడిగిన మాట ఇది. బొక్కలోడంటే మటాడోర్. షిన్ మెగామి టెన్సే 3 నాక్టర్న్ అనే వీడియో గేమ్‌లో, టోక్యోలోని గింజా దగ్గర ఎదురయ్యే బాస్, అంటే దాటాల్సిన పెద్ద శత్రువు. ఎర్ర గుడ్డ పట్టుకుని ఎద్దు కోసం చూస్తున్నట్టు నిలబడే అస్థిపంజరం. ఆ ఎద్దు నేనే అని రెండో రోజుకి అర్థమైంది.

మా బావ చెప్పింది పర్సోనా ఆడమని. రెండూ అట్లస్ అనే జపాన్ కంపెనీ వాళ్ల ఆటలే, పర్సోనా పుట్టిందే మెగామి టెన్సే నుంచి, కాబట్టి ముందు పెద్దన్నను పలకరిద్దామనుకున్నా. జపాన్‌లో 2003లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చిన ఆటకు 2021లో పీసీ మీద రీమాస్టర్ వచ్చింది. రామగిరిలో మా ఇల్లు, బ్యాటరీ చచ్చిపోయిన సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్. ఆట ఆపేటప్పుడు ఉన్నచోటే ఆగేలా సస్పెండ్ సేవ్ చేసుకోవచ్చు, నిజమే. కానీ కరెంటు చెప్పి పోదు కదా.

మటాడోర్ దగ్గర అసలు చిక్కు వాడి బలం కాదు, లెక్క. మన జట్టులో నలుగురుంటే నాలుగు వంతులు, అంటే నాలుగుసార్లు ఏదో ఒకటి చేసే అవకాశం. ఎదుటివాడి బలహీనత మీద కొడితే అర వంతు మిగులుతుంది. దెబ్బ తప్పితే మాత్రం రెండు వంతులు పోతాయి. వాడు రెడ్ కాపోటే అని గుడ్డ ఒక్కసారి ఊపాడంటే తప్పించుకునే శక్తి అమాంతం పెరుగుతుంది. ఇక మనం రెండు దెబ్బలు గాల్లో కొట్టామా, మన వంతులన్నీ అయిపోయినట్టే. దానికి తోడు హీరో ఒక్కడు పడితే చాలు, మిగతా ముగ్గురూ నిలబడి ఉన్నా ఆట ముగిసినట్టే.

నేను చేసిన తప్పు లెవెల్ పెంచుకుంటూ పోవడం. చివరికి పనికొచ్చింది ఫాగ్ బ్రీత్ అనే విద్య. అది వరసగా వేస్తే వాడు తప్పించుకోవడం తగ్గుతుంది. వాడి గాలి దెబ్బ అంటని పిశాచాలను జట్టులో పెట్టుకుంటే, వాడు గాలి వేసినప్పుడు వాడి వంతులే పోతాయి. అలాంటివాళ్లను చేర్చుకోవడం మళ్లీ అంగట్లో బేరమే. ఒకడు డబ్బులు తీసుకుని, మందు తీసుకుని, నవ్వి వెళ్లిపోయాడు. మెర్సీఫుల్ అని సులువు మోడ్ ఉంది. పంతానికి ముట్టుకోలేదు, తెలివైన పని అనను.

పదకొండో రాత్రి బొక్కలోడు కూలాడు. అమ్మ నిద్రపోయింది, చెప్పడానికి ఎవరూ లేరు.

ఆ తర్వాత కొన్నాళ్లు దాన్ని పక్కన పెట్టి పర్సోనా 4 గోల్డెన్ తీశా. 2020లో పీసీకి వచ్చింది, గ్రాఫిక్స్ కార్డు లేని నా డొక్కు మీద కూడా సాఫీగా నడిచింది. నాక్టర్న్‌లో టోక్యో అంతా గోళంలా లోపలికి ముడుచుకుని, మనుషులు దాదాపు మాయమై, ఇసుకే కనిపిస్తుంది. ఇక్కడేమో ఇనాబా అనే చిన్న ఊరు, వాన, పొగమంచు, హత్యలు, అన్నం పెట్టే మామయ్య ఇల్లు. జునెస్ అనే పెద్ద దుకాణం వచ్చాక పాత బజారులో షట్టర్లు మూతపడి ఉంటాయి. మా బాబాయి కిరాణా కొట్టు పక్కన రెండేళ్ల కింద పెద్ద సూపర్‌మార్కెట్ తెరిచారు. ఆ సీను దగ్గర కాసేపు ఆట ఆపేశా.

కొట్లాటలు నాక్టర్న్ ముందు పిల్లలాట. కష్టమంతా చదవడంలో ఉంది. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. నాక్టర్న్‌లో మాటలు తక్కువ, మెనూల్లో అవే పదాలు తిరిగి తిరిగి వస్తాయి, నాలుగు రోజుల్లో పట్టుబడ్డాయి. పర్సోనాలో గంటల కొద్దీ కబుర్లు, జోకులు, స్కూల్లో టీచర్ అడిగే ప్రశ్నలు. ఫోన్‌లో డిక్షనరీ తెరిచి పెట్టుకుని ఆడా. అందరూ భయపెట్టే ఆట నాకు అందింది, అందరూ సులువన్నది చేతికి చిక్కలేదు. మొత్తానికి మూడు నెలలు పట్టింది, పట్టనీ.

పర్సోనా 5 రాయల్ బావ కంప్యూటర్ మీద ఆడా. ఎర్ర రంగు, హుషారైన పాటలు, సేఫ్ మోడ్‌లో ఓడినా అక్కడే లేచి నిలబడొచ్చు. బాగుంది, కానీ నాకు ఇనాబా వానే కావాలి. 2024లో వచ్చిన పర్సోనా 3 రీలోడ్‌ను నా లాప్‌టాప్ మోయలేదు.

మొన్న మా అక్క కొడుకు ఏది మొదలుపెట్టాలని అడిగితే ఆలోచించకుండా గోల్డెన్ ఇచ్చా. ఇంగ్లీషు మీడియం పిల్లగాడు, ఇబ్బంది ఉండదనుకున్నా. రాత్రి పదకొండింటికి ఫోన్.

"మామా, అలిబై అంటే ఏంది?"