దీపావళి రోజు, పీల్ రీజియన్‌లో నా మొదటి ఓటు

నిన్న అక్టోబర్ 24, 2022. దీపావళి. అదే రోజు ఒంటారియో మొత్తం మున్సిపల్ ఎన్నికలు. కెనడాలో నా మొదటి ఓటు నిన్ననే వేశాను. వేశాను అని ఒక్క ముక్కలో అంటున్నా గానీ దానికోసం ఒక స్కూల్ జిమ్‌లో నలభై నిమిషాలు పక్కన నిలబడ్డాను, ఆ మంట ఇంకా చల్లారలేదు, రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు. ఇవాళ ఆఫీసు నుంచి రాగానే కూర్చుని రాస్తున్నా.

మేముండేది టొరంటో పక్కన పీల్ రీజియన్. మిస్సిసాగా, బ్రాంప్టన్, కాలెడన్ మూడూ కలిపి 2021 లెక్కల్లో 14.5 లక్షల జనం. మూడింట్లో మాది ఏ ఊరో రాయను, ఎందుకంటే ఆ బూత్‌లో నన్ను ఆపినావిడ ఒక్క రోజు పనికి వచ్చిన మనిషి, ఆవిణ్ణి ఎవరూ గుర్తుపట్టడం నాకు ఇష్టం లేదు. జరిగింది మాత్రం జరిగినట్టే చెప్తాను.

సిటిజన్‌షిప్ ఆగస్టులో వచ్చింది. జూమ్‌లో ప్రమాణం, అరగంటలో అయిపోయింది. ఎన్నికల విషయం సెప్టెంబర్‌లో మా ఆవిడ గుర్తుచేసింది, తనే ఆన్‌లైన్‌లో తన పేరు చూసుకుంది, ఉంది. ఒకే ఇల్లు, ఇద్దరం ఓనర్లం, ఆవిడది ఉంటే నాదీ ఉంటుందిలే అనుకుని నేను చూసుకోలేదు. ఎవరికి ఓటెయ్యాలో చదువుకోడానికి రెండు ఆదివారాలు పట్టింది, అదేం కష్టం కాలేదు. కాకపోతే మనకి కొత్తగా అనిపించేదొకటి ఉంది, ఇక్కడ మున్సిపల్ ఎన్నికల్లో పార్టీలు ఉండవు, బ్యాలెట్ మీద గుర్తులూ ఉండవు. ఫ్యాన్ లేదు, సైకిల్ లేదు, కారు లేదు, ఉత్త పేర్లు. చదవకుండా వెళ్తే నిజంగానే ఏం చెయ్యాలో తోచదు.

ఇక నిన్న సాయంత్రం సంగతి. బూత్‌లు పొద్దున పదింటి నుంచి రాత్రి ఎనిమిది దాకా. ఆఫీసు అయ్యాక ఐదున్నరకి ఇల్లు చేరి, ముందు ఓటు, వచ్చాక లక్ష్మీ పూజ అనుకున్నాం. మా ఆవిడ పట్టుచీర, పాప పట్టులంగా, అలాగే కార్లో కూర్చున్నారు. ఇంటి దగ్గరి స్కూలే, జిమ్‌లో టేబుళ్లు వేశారు. లైన్ పెద్దగా లేదు. మా ముందు ఏడెనిమిది మంది. మా వెనక మా వీధిలోనే నాలుగిళ్ల అవతల ఉండే ఆయన, మంచు పడినప్పుడు ఇద్దరం పలకరించుకుంటూ పార పట్టేవాళ్లం.

మా ఆవిడ ముందు వెళ్లింది. లైసెన్స్ ఇచ్చింది, టేబుల్ దగ్గరావిడ లాప్‌టాప్‌లో కొట్టి చూసి బ్యాలెట్ ఇచ్చింది. నాలుగు నిమిషాలు. తర్వాత నేను. నా లైసెన్స్ చూసి ఇంటిపేరు కొట్టింది, లేదంది. అక్షరం అక్షరం చదివాను, మళ్లీ కొట్టింది, లేదు. అప్పుడు తలెత్తి ఒక ప్రశ్న వేసింది, గొంతు తగ్గించుకోకుండా, జిమ్‌లో అందరికీ వినపడేలా: నువ్వు అసలు సిటిజన్‌వేనా?

ఆ ప్రశ్న అడిగే హక్కు ఆవిడకి ఉంది, అది నేను కాదనను. సిటిజన్లకే ఓటు. కానీ నా ముందున్న ఏడెనిమిది మందిలో ఎవర్నీ అడగలేదు, మా ఆవిణ్ణి కూడా అడగలేదు, లిస్టులో పేరు కనపడలేదు కాబట్టి మనిషే దొంగ అన్నట్టు ఆ గొంతు. నాకు చెవులు వేడెక్కిపోయాయి. కొత్త పాస్‌పోర్ట్ జేబులోనే ఉంది, మొదటిసారి కదా అని మురిపెంగా తీసుకెళ్లాను, తీసి టేబుల్ మీద పెట్టాను. పాస్‌పోర్ట్ పనికిరాదు, దాని మీద అడ్రస్ అచ్చులో ఉండదు అంది. అది నిజమే, ఇక్కడ కావాల్సింది పేరూ అడ్రస్ రెండూ ఉన్న కాగితం, ఫోటో లేకపోయినా పర్లేదు. మరి లైసెన్స్ మీద రెండూ ఉన్నాయి కదండీ అన్నాను. ప్రూఫ్ సంగతి కాదు, లిస్టులో లేవు, పక్కకి జరుగు, సూపర్‌వైజర్ వస్తుంది అంది. మా వీధాయన అవతలికి చూశాడు.

పక్కకి అంటే గోడవారగా కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన చోటు. అక్కడ నిలబడ్డాను. సూపర్‌వైజర్ ఓట్లు లెక్కపెట్టే మెషీన్‌లో కాగితం ఇరుక్కుందని దాంతో కుస్తీ పడుతోంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, ఇరవై. నా తర్వాత వచ్చినవాళ్లు ఓటేసి వెళ్లిపోతున్నారు, వెళ్తూ ఒకసారి నా వంక చూస్తున్నారు. మా ఆవిడ ఓటేసి వచ్చి పక్కన నిలబడి, ముహూర్తం దాటిపోతోందండీ, పోనీ వదిలేద్దామా అంది. అప్పుడే పాప నా చెయ్యి పట్టుకుని, నాన్నా, మనం ఇండియా వాళ్లం కాబట్టి నీకు ఓటు లేదా అంది. అమ్మకి ఉంది కదమ్మా అన్నాను. మరి నీకెందుకు లేదు అంది. మూడో తరగతి పిల్ల. దానికేం చెప్పాలి?

పదిహేనేళ్లు ఐటీలో పని చేశాను, క్లయింట్ల ముందు ఎన్ని మాటలు పడ్డానో లెక్క లేదు, కానీ పిల్ల ముందు అలా నిలబడటం మాత్రం ఎప్పుడూ లేదు.

చివరికి నన్ను గట్టెక్కించింది లైన్లో ఉన్న ఒక పంజాబీ పెద్దాయన. డెబ్భై దాటి ఉంటాయి, తెల్ల గడ్డం, నీలం తలపాగా. నన్ను కాసేపు చూసి, హిందీలో, పుత్తర్, లిస్టులో పేరు లేకపోతే ఫారం ఉంటుంది, ఇక్కడే నింపి ఇక్కడే ఓటెయ్యొచ్చు, ఫారం అడుగు, ఊరికే నిలబడకు అన్నాడు. అంతే. టేబుల్ దగ్గరికెళ్లి ఫారం ఇవ్వండి అన్నాను. ఆ మాట వినగానే టేబుల్ దగ్గరావిడ చెయ్యెత్తింది, సూపర్‌వైజర్ రెండు నిమిషాల్లో వచ్చింది. నలభై నిమిషాలు పట్టించుకోని ఆవిడకి ఆ ఒక్క మాటతో తీరిక దొరికింది. వచ్చినావిడ మర్యాదస్తురాలే, మీ పేరులో ఇంకే ముక్క అయినా ఇంటిపేరుగా పడే అవకాశం ఉందా అని అడిగింది. నాకు గుండె ఝల్లుమంది. వెంకట కొట్టి చూడండి అన్నాను. కొట్టింది. ఉన్నాను. పేరు చోట ఇంటిపేరు, ఇంటిపేరు చోట వెంకట.

ఇది ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. 2019లో ఇల్లు కొన్నప్పుడు లాయర్ దగ్గర గుమాస్తా నా పేరు తిరగేసి టైప్ చేశాడు, నేను అప్పుడే చూపించాను, ఏం కాదు సార్ అన్నాడు. ఇక్కడ ఇళ్ల ఓనర్ల పేర్లు ప్రాపర్టీ రికార్డుల్లోంచి కూడా ఓటర్ లిస్టులోకి వెళ్తాయి. ఆ లాయర్‌కి పద్దెనిమిది వందల డాలర్లు కట్టాను. ఏం కాదు సార్ అన్నవాణ్ణి ఎప్పుడూ నమ్మకండి, అక్కడికక్కడే దిద్దించుకోండి, సంతకం దిద్దాకే పెట్టండి.

మన పేర్ల సంగతి అందరికీ తెలిసిందే. ఇంటిపేరు ముందు రాస్తాం, తర్వాత వెంకటో సత్యో నాగో శ్రీనో, ఆ తర్వాత అసలు పిలిచే పేరు. ఇక్కడి ఫారాల్లో రెండే గడులు. మనం ఎలా నింపామో, వాళ్లు ఎలా ఎక్కించారో, ఒక్కో ఆఫీసులో మనం ఒక్కో మనిషిగా ఉంటాం. బ్యాంకులో ఒకలా, హెల్త్ కార్డు మీద ఒకలా. ఇన్నాళ్లూ దాన్ని చిన్న విషయం అనుకుని వదిలేశాను.

తర్వాత అంతా సులువు. ఫారం మీద సంతకం, బ్యాలెట్, మేయర్‌కి, కౌన్సిల్‌కి, స్కూల్ బోర్డు ట్రస్టీకి గుర్తు పెట్టి మెషీన్‌లో పెట్టాను, లాక్కుంది. పాపని పక్కన నిలబెట్టుకుని మరీ పెట్టాను. బయటికొచ్చి ఆ పెద్దాయన కోసం చూశాను, వెళ్లిపోయాడు, దణ్ణం పెట్టే అవకాశం కూడా లేకపోయింది. రాత్రి రాజమండ్రికి వీడియో కాల్ చేస్తే అమ్మ, ఓటేశావా, ఏదీ వేలు చూపించు అంది. ఇక్కడ సిరా పెట్టరమ్మా అంటే నమ్మలేదు, మరి రెండోసారి రాకుండా ఎలా ఆపుతారు రా అని అడిగింది. వాళ్లకి ఇవాళ గ్రహణం, పొద్దున్నే పనులన్నీ తెమల్చుకోవాలని తొందరగా పెట్టేసింది.

పూజ అయ్యేసరికి ఎనిమిది దాటింది. దీపాలు పెట్టి, పులిహోర ప్లేట్లో పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మెషీన్ లెక్క కాబట్టి రిజల్ట్స్ తొందరగానే వచ్చేశాయి. మిస్సిసాగాలో మేయర్‌గా బోనీ క్రాంబీ మూడోసారి, పోటీయే లేనంత మెజారిటీ. బ్రాంప్టన్‌లో ప్యాట్రిక్ బ్రౌన్ మళ్లీ, ఈసారి దాదాపు అరవై శాతం. ఈయన్నే జూలైలో కన్సర్వేటివ్ పార్టీ నాయకత్వం పోటీలోంచి తీసేశారు, వెనక్కొచ్చి మేయర్‌గా నిలబడ్డాడు, గెలిచాడు. 2018లో ఆయన గెలిచింది దాదాపు నాలుగు వేల ఓట్ల తేడాతో. కాలెడన్‌లో పాత మేయర్ పోటీ చెయ్యలేదు, అనెట్ గ్రోవ్స్ గెలిచారు. పార్టీ గుర్తు లేనిచోట జనం తెలిసిన పేరునే పట్టుకుంటారు, అందుకే ఇక్కడ సీట్లో ఉన్నవాళ్లని దించడం చాలా కష్టం. మిస్సిసాగాలో హేజెల్ మెక్‌కాలియన్ 1978 నుంచి 2014 దాకా 36 ఏళ్లు మేయర్‌గా చేశారు.

నాకు బాగా నచ్చిన రిజల్ట్ బ్రాంప్టన్ వార్డు 2, 6 నుంచి నవజీత్ కౌర్ బ్రార్ గెలవడం. ఆవిడ రెస్పిరేటరీ థెరపిస్ట్, జూన్‌లో ప్రొవిన్షియల్, అంటే రాష్ట్ర ఎన్నికల్లో ఓడిపోయారు, నాలుగు నెలల్లో మళ్లీ నిలబడి గెలిచారు. తలపాగా కట్టుకునే సిక్కు మహిళ బ్రాంప్టన్ కౌన్సిల్‌కి ఎన్నికవడం ఇదే మొదటిసారి. ఆ వార్త చదువుతుంటే లైన్లో పెద్దాయనే గుర్తొచ్చాడు. ఫారం ఉంటుందని ఆయనకి తెలుసు, నాకు తెలీదు. పంజాబీ వాళ్లు దశాబ్దాలుగా ఈ పని నేర్చుకుని పిల్లలకీ నేర్పించారు.

బాధపెట్టింది ఇంకోటి. బ్రాంప్టన్, మిస్సిసాగా రెండిట్లోనూ నూటికి పాతిక మంది కూడా ఓటెయ్యలేదు. 2020లో జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో 46 శాతం చిల్లర వస్తేనే హైదరాబాద్ వాళ్లకి బాధ్యత లేదని మనం ఎంత తిట్టుకున్నాం! మా తెలుగు వాట్సాప్ గ్రూప్‌లో రెండు వందల మంది పైనే ఉన్నారు. నిన్నంతా దీపాల ఫోటోలు, స్వీట్ల ఫోటోలు. ఓటు గురించి నేను పెట్టిన మెసేజ్‌కి ముగ్గురు జవాబిచ్చారు. ఒకాయనైతే దీపావళి రోజు ఎవడు పెట్టమన్నాడు ఎలక్షన్ అన్నాడు. అక్టోబర్ నాలుగో సోమవారం అని చట్టంలో ఉంది, ఈసారి పండగ వచ్చి దాని మీద పడింది, పైగా ఈ నెల మొదట్లోనే అడ్వాన్స్ ఓటింగ్ పెట్టారు. ప్రాపర్టీ టాక్స్ బిల్లు వచ్చిన రోజున మాత్రం ఇదే గ్రూప్‌లో రెండొందల మెసేజ్‌లు. ఆ బిల్లులో సిటీ వాటా, రీజియన్ వాటా, స్కూళ్ల వాటా వేరువేరుగా ఉంటాయి. నీళ్లు, చెత్త, అంబులెన్స్ రీజియన్ చూస్తుంది. ఆ రీజియన్ కౌన్సిల్‌లో కూర్చునేది మనం నిన్న ఎన్నుకున్నవాళ్లే, రీజియన్ చైర్‌ని ఎన్నుకునేదీ వాళ్లే. ఇంత ఉంది నిన్నటి ఓటులో. మా వీధిలో నాలుగు తెలుగు ఇళ్లకి నేనే ఫోన్ చేశాను, ఏడుగురు వెళ్లి వేశారు, అది మాత్రం గర్వంగా చెప్తాను.

వచ్చేసారి అంటే 2026 అక్టోబర్ 26న. మొదటిసారి వెయ్యబోయేవాళ్లు మీ పేరు మీరే వెతుక్కోండి, భార్యది ఉందనో భర్తది ఉందనో ఆగకండి. ఇంటిపేరుతో దొరక్కపోతే వెంకటతో, సత్యతో, ప్రతి ముక్కతోనూ వెతకండి. బూత్‌లో లేదంటే కదలొద్దు, పేరూ అడ్రస్ ఉన్న కాగితం ఒకటి చేతిలో పెట్టుకుని ఫారం అడగండి. ఆఫీసు వాళ్లు పంపరంటే కూడా వినకండి, బూత్‌లు తెరిచి ఉండే టైంలో ఓటు కోసం వరసగా మూడు గంటలు ఖాళీ ఇవ్వాలని చట్టం ఉంది.

ఇంకొకటి. రాత్రి స్వీట్ల డబ్బా తీస్తుంటే దాని కింద ఫ్లయర్ల కట్టలో సిటీ పంపిన ఓటర్ ఉత్తరం కనపడింది, నా పేరు మీదే, తిరగేసిన పేరుతో. ఎప్పుడు వచ్చిందో తెలీదు, అడ్వర్టైజ్‌మెంట్ అనుకుని పక్కన పడేసి ఉంటాను. పొద్దున ఆఫీసుకి వెళ్లేముందు దాన్ని పాపకి చూపించాను. ఇదిగో, నాన్న పేరు లిస్టులో ముందునుంచీ ఉంది అన్నాను. తీసుకుని చదివి, తప్పు రాశారు కదా, నేను దిద్దనా అని పెన్సిల్ తెచ్చింది.