పిల్లాడు వదిలేసిన మాట

పొద్దున్నే పక్క వాటా ఆవిడ తలుపు కొట్టింది. రాత్రి పని నుంచి వస్తుంటే ఎవడో బ్యాగు లాక్కుపోయాడట. రెండు వారాల జీతం అందులోనే ఉంది. పోలీసులకి చెప్పడానికి మాత్రం ససేమిరా అంది, కాగితాలు అడుగుతారని భయం. బతిమాలి ఒప్పించి, చివరికి నేనే ఫోన్ చేశాను.

వచ్చిన పోలీసాయన మంచివాడే, గొంతు కూడా పెంచలేదు. కానీ ఆవిడ భాష ఆయనకి రాదు. నాకూ రాదు, మేమిద్దరం ఇన్నాళ్లూ సైగలతోనే నెట్టుకొస్తున్నాం. దాంతో ఆవిడ పదేళ్ల కొడుకే అన్నీ చెప్పాడు. ఆవిడ మాట్లాడుతూ రెండు చేతులూ మెడ చుట్టూ వేసి బిగించి చూపించింది. పిల్లాడు నేలచూపులు చూస్తూ, "బ్యాగు తీసుకున్నాడు" అని మాత్రం అన్నాడు. ఆయన తలొంచుకుని రాసుకుంటున్నాడు, చూడలేదు. నేను కల్పించుకుని మెడ చూడమన్నాను. చున్నీ తీస్తే గోళ్ల గాట్లు. అప్పటిదాకా కాగితం మీద చోరీగా ఉన్నది అప్పుడు దోపిడీ అయింది. పిల్లాణ్ని ఏమనగలం? అమ్మ గొంతు నులిమారని వాడి నోటితో ఎలా చెబుతాడు?

ఆవిడ భాష తెలిసిన పోలీసు, అందులోనూ ఆడమనిషి వచ్చి ఉంటే, ఆ చిన్నవాడికి ఈ బరువు తప్పేది కదా అని రోజంతా అదే ఆలోచన. పోలీసుల్లో అన్ని రకాల మనుషులూ ఉండాలంటే చాలామంది అది పైపై ముస్తాబు అనుకుంటారు. షికాగో పోలీసుల మీద 2021లో వచ్చిన అధ్యయనం అలా చెప్పలేదు. ఒకే చోట, ఒకే వేళ డ్యూటీ చేసినా, తెల్లవాళ్లకంటే నల్లజాతి పోలీసులు జనాన్ని ఆపడం, అరెస్టు చేయడం, చెయ్యి చేసుకోవడం తక్కువ. ఆ తేడా కూడా ఎక్కువగా చిన్నాచితకా కేసుల్లోనే, హింస కేసుల్లో అంతగా లేదు. అంటే నేరస్థుల్ని వదిలేశారని కాదు, ఊరికే వేధించడం తగ్గిందని.

ఇంకొకటి నన్ను మరీ పట్టేసింది. అమెరికాలో 1970ల చివరి నుంచి 1990ల మొదటి దాకా లెక్కలు చూస్తే, ఆడ పోలీసులు పెరిగిన చోట ఆడవాళ్ల మీద దాడుల ఫిర్యాదులు పెరిగాయి. భర్తల, భాగస్వాముల చేతుల్లో హత్యలు మాత్రం తగ్గాయి. ఫిర్యాదులు పెరిగితే పేట పాడైపోయిందని రాసేస్తారే, అందుకే నాకు ఒళ్లు మండుతుంది. ఇన్నాళ్లూ నోరు నొక్కుకున్నవాళ్లు ఇప్పుడు చెబుతున్నారేమో అని ఒక్కరూ ఆలోచించరు. ఈ రోజు నేను ఫోన్ చేయకపోతే మా వీధి లెక్కల్లో నిన్న రాత్రి ఏమీ జరగనట్టే.

సాయంత్రం ఆవిడ మళ్లీ వచ్చింది. ఫిర్యాదు కాపీ నాలుగు మడతలు పెట్టి నా చేతిలో ఉంచి, తన ఇంటివైపు చూపించి వద్దన్నట్టు చెయ్యి ఊపింది. నా బీరువాలో పెట్టాను.