కెందులిలో విన్న ఖమక్

పెద్దపండగకి ఇంట్లో ఉండనని చెప్పినప్పుడు అమ్మ రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. "పాటలు వినడానికి పండగ వదిలేసి ఎవరైనా వెళ్తార్రా?" అంది చివరికి. విజయనగరం వాడు జనవరి 12 రాత్రి హౌరా వైపు వెళ్ళే రైలెక్కితే ఏ తల్లయినా అలాగే అడుగుతుంది. ఆ రోజుల్లో జనమంతా అటునుంచి ఇటు వస్తారు. నా బోగీ సగం ఖాళీ.

నేను వినాలనుకున్న పాటలు సంక్రాంతికే పాడతారు మరి. పశ్చిమ బెంగాల్‌లో బీర్‌భూమ్ జిల్లా, అజయ్ నది ఒడ్డున జయదేవ్ కెందులి అని ఒక ఊరు. పౌష మాసం చివరి రోజున, అంటే మన సంక్రాంతికి, అక్కడ బావుల్‌ల, అంటే ఊరూరా తిరుగుతూ తత్వాలు పాడే బెంగాలీ గాయకుల మేళా మొదలవుతుంది. గీతగోవిందం రాసిన జయదేవుడు పుట్టింది ఇక్కడేనని బెంగాలీల నమ్మకం. ఒడిశా వాళ్ళని అడిగితే తమ కెందులి చూపిస్తారు. ఎవరిది నిజమైనా అష్టపదులు మన భజన గోష్ఠుల్లోకీ కూచిపూడిలోకీ ఎప్పుడో వచ్చేశాయి కాబట్టి, ఆ ఊరి పేరు చూడగానే చుట్టాలింటికి వెళ్తున్నట్టే అనిపించింది.

అసలు కారణం మాత్రం ఖమక్. కొన్నేళ్ళ కిందట హైదరాబాదులో ఒక బావుల్ కచేరీకి వెళ్ళాను. పక్కన కూర్చున్న వాద్యగాడు చంకలో ఒక చిన్న డోలు ఇరికించి, దాని తోలులోంచి వచ్చిన తీగని ఒక చేత్తో లాగిపట్టి, రెండో చేత్తో మీటాడు. ఆ చప్పుడు వినగానే ఒళ్ళు జలదరించింది. అది మా జముకు! అమ్మమ్మగారి ఊళ్ళో రాత్రిపూట అమ్మవారి కథ చెప్పే జముకులవాళ్ళ చేతిలో విన్న చప్పుడే. తీగ బిగిస్తే పైకి లేస్తుంది, వదిలితే మూలుగుతుంది, మనిషి గొంతులాగే. తెలంగాణలో ఎల్లమ్మ కథ చెప్పే బవనీల జమిడిక కూడా ఇదే కుటుంబం. వెయ్యి కిలోమీటర్ల అవతల దీన్ని ఎలా వాయిస్తారో వాళ్ళ ఊళ్ళోనే కూర్చుని వినాలని అప్పుడే అనుకున్నాను.

హౌరాలో దిగి బోల్‌పూర్ రైలు పట్టుకున్నాను. రైల్లోనే ఒక బావుల్ ఎక్కాడు. కాషాయం అంగీ, నెత్తిన ముడి, చేతిలో ఏక్‌తారా. రెండు పాటలు పాడి డబ్బులు తీసుకుని తర్వాతి స్టేషన్‌లో దిగిపోయాడు. శాంతినికేతన్ ఈ బోల్‌పూర్ పక్కనే. ఆ రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు మధ్యాహ్నం ఇలంబజార్ మీదుగా వెళ్ళే బస్సులో వేలాడుతూ కెందులి చేరాను.

మొదటి మూడు గంటలు నిరాశే అని చెప్పాలి. ఊరినిండా గుడారాలు. ఒక్కో గుడారాన్నీ అఖాడా అంటారు. ప్రతి అఖాడాకీ వేదిక, ప్రతి వేదికకీ పెద్ద స్పీకర్లు. ఇటు కీర్తన, అటు బావుల్ పాట, మధ్యలో తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో. ఏదీ పూర్తిగా చెవిలో పడదు. ఇంత దూరం వచ్చింది దీనికోసమా అని దిగులేసింది. రాధావినోద్ గుడికి వెళ్ళి, కాల్చిన మట్టి పలకల మీద చెక్కిన రామాయణం బొమ్మలు చూస్తూ కాసేపు గడిపాను. చిన్న చిన్న బొమ్మలు, ఎంత ఓపికగా చేశారో! ఆ గోడ దగ్గర నిలబడే అమ్మకి ఫోన్ చేశాను.

ఫోన్ పెట్టేయగానే వెనకనుంచి, "బాబూ, మీదే ఊరు?" అని తెలుగు వినపడింది.

ఆయన ఖరగ్‌పూర్ మనిషి. డెబ్బై దాటిన వయసు, మెడకి మఫ్లర్. తాతగారు శ్రీకాకుళం వైపునుంచి రైల్వే వర్క్‌షాపు పనికి వలస వెళ్ళారట. ఖరగ్‌పూర్‌లో అలాంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆయన తెలుగులో మా ఊరి యాసే ఉంది, మధ్యమధ్య బెంగాలీ మాటలు దొర్లుతున్నాయి. ఈ మేళాకి ఏళ్ళ తరబడి వస్తున్నారు.

"బాబాయ్‌గారూ, ఈ మైకుల్లో ఏం వినాలండీ?" అన్నాను.

"ఇప్పుడేటి వింటావు బాబూ. తిని పడుకో. రెండయ్యాక లేపుతాను" అన్నారు.

ఒక అఖాడాలో విస్తరాకులో వేడి కిచిడీ పెట్టారు. ఎవరు ఏమిటని అడగలేదు. గడ్డి పరిచిన నేలమీద దుప్పటి కప్పుకుని పడుకున్నాను. చలికి నిద్ర పట్టలేదు. గంజాయి పొగ వాసన గుడారమంతా ఉంది. ఆ వాసన పడనివాళ్ళు ముందే తెలుసుకుని వెళ్ళడం మంచిది.

రెండు దాటాక బాబాయ్‌గారు నన్ను నది వైపు తీసుకెళ్ళారు. మర్రిచెట్టు కింద చిన్న మంట, చుట్టూ ఇరవై మంది దాకా ఉన్నారు. భోగిమంట తప్పిపోయిందనుకున్న నాకు ఆ మంట చూడగానే కడుపు నిండింది. మైకు లేదు. ఒక ముసలాయన ఏక్‌తారా మీటుతూ, నడుముకి కట్టిన దుగ్గి అనే చిన్న డోలు మీద ఎడమ చేత్తో తాళం వేస్తూ, కాలిగజ్జెలతో నేలని తట్టుతూ పాడుతున్నాడు. ముగ్గురు మనుషులు చేయాల్సిన పని ఒక్కడే చేస్తున్నాడు. పక్కన ఒక యువకుడు ఖమక్ పట్టుకున్నాడు.

ఆ రాత్రి విన్నవాటిలో పాతకాలపు బావుల్ కవి లాలన్ ఫకీర్ పాట మనసులో నాటుకుపోయింది. ఎవరికీ తెలియని పిట్ట పంజరంలోకి ఎలా వస్తోంది, ఎలా పోతోంది అని అడిగే పాట అది. పంజరం అంటే శరీరం. ముసలాయన పైస్థాయిలో పిలుస్తాడు, ఖమక్ కిందనుంచి పలుకుతుంది. తీగ వదులు చేసినప్పుడు వచ్చే ఆ జారుడు చప్పుడు, పిట్ట చేతికి అందినట్టే అంది ఎగిరిపోయినట్టు ఉంది. పాట చివర "లాలన్ అంటాడు" అని ముద్ర పడగానే చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా "ఆహా" అన్నారు. నేనూ అన్నాను. బెంగాలీ రాని నాకు, బాబాయ్‌గారు చెవిలో చెబుతున్న అర్థం అందేలోపే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మన తత్వాలు విన్న చెవికి ఈ పాటలు పరాయివి కావు. తొమ్మిది వాకిళ్ళ ఇల్లు, గురువు చేతిలో తాళంచెవి, ఇదంతా మన ఊళ్ళలో ఏక్‌తార పట్టుకుని పాడినదే.

నాలుగింటికి టీ కొట్టు దగ్గర చేరాం. మట్టి పిడతలో టీ, పక్కనే ఈత బెల్లం పెట్టి చుట్టిన పాటిసాప్టా అనే తీపి అట్టు. ఆ బెల్లం వాసన గురించి ఎంత చెప్పినా తక్కువే. అక్కడ మొదలైంది అసలు ముచ్చట. దుర్గాపూర్ నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచర్, కోల్‌కతా నుంచి ఇద్దరు అమ్మాయిలు, బాబాయ్‌గారు, నేను. ఎవరు ఏ అఖాడాలో ఏం విన్నారో పోటీపడి చెప్పుకున్నారు. ఒక అమ్మాయి తను విన్న ఆడ బావుల్ గొంతు గురించి చెబుతూ, ఆవిడ పాట మధ్యలో గుండ్రంగా తిరిగి ఆగిన తీరుని లేచి చేసి చూపించింది. టీచర్‌గారు పాతకాలం మనిషి. బావుల్‌లు విదేశాలు తిరగడం మొదలుపెట్టాక పాట పల్చబడిందని ఆయన బాధ. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. పూర్ణదాస్ బావుల్ అమెరికా వెళ్ళబట్టే కదా 1967లో బాబ్ డిలన్ ఆల్బమ్ అట్ట మీద బావుల్ బొమ్మ వచ్చింది, 2005లో యునెస్కో గుర్తించిందీ ప్రపంచం వినబట్టే కదా అంది.

టీచర్‌గారు కాసేపు ఊరుకుని గగన్ హర్కరా సంగతి ఎత్తారు. ఆయన శిలైదహ్‌లో ఉత్తరాలు పంచే మనిషి. మనసులోని మనిషిని ఎక్కడ వెతకను అని ఆయన పాడిన బాణీనే టాగూర్ తన పాటకి తీసుకున్నారు. అదే ఇవాళ బంగ్లాదేశ్ జాతీయగీతం. "ఆ పోస్ట్‌మ్యాన్ ఏ దేశం తిరిగాడు?" అన్నారు టీచర్‌గారు. అమ్మాయి నవ్వి, "ఆయన తిరగలేదు, బాణీ తిరిగింది" అంది. నాకు ఇద్దరి మాటా సబబే అనిపించింది. కానీ స్పీకర్ల విషయంలో మాత్రం నేను టీచర్‌గారి పక్షమే. ఖమక్ తీగ వదులయ్యేటప్పుడు చివర్లో వచ్చే సన్నటి మూలుగు మైకులో చచ్చిపోతుంది. మంట దగ్గర, నాలుగు అడుగుల దూరంలో కూర్చుంటేనే అది అందుతుంది.

తెల్లవారుతూ ఉండగా అజయ్‌లో మునకలు మొదలయ్యాయి. సంక్రాంతి స్నానానికి జయదేవుడు గంగ దాకా నడవలేకపోతే గంగే ఎదురీది అజయ్‌లోకి వచ్చిందని ఇక్కడి కథ. చలికాలం కదా, నీళ్ళు పల్చగా, ఇసుక మధ్యలో పాయలుగా ఉన్నాయి. మోకాలి లోతులో కూర్చుని మునిగాను. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

బయల్దేరే ముందు ఖమక్ వాయించిన కుర్రాణ్ణి వెతికి పట్టుకున్నాను. "జయ్ గురు" అన్నాడు. బాబాయ్‌గారి ద్వారా జముకు గురించి చెప్పాను. నమ్మలేనట్టు చూసి తన ఖమక్ నా చంకలో పెట్టాడు. తీగ లాగి మీటాను. మొద్దు చప్పుడొచ్చింది. నా ఎడమచేతి పిడికిలి సర్దాడు. రెండోసారి కొంచెం పలికింది. మేళాలోనే ఒక కొట్లో చిన్న ఖమక్ బేరమాడి కొన్నాను. తీగ ఎంత బిగించాలో ఆ కుర్రాడే దగ్గరుండి చూపించాడు.

ఇంటికి చేరేసరికి పండగ అయిపోయింది. అమ్మ దాచిన అరిసెలు తిని, మర్నాడే అమ్మమ్మగారి ఊరు వెళ్ళాను. అక్కడ జముకు పట్టేవాళ్ళలో ఇప్పుడు ఒక్క తాత మిగిలాడు. ఖమక్ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. తోలుని బొటనవేలితో నొక్కాడు, తీగ ముడి చూశాడు, చంకలో పెట్టుకుని నాలుగు దెబ్బలు వేశాడు. కుర్రాడు నేర్పినా నాకు రాని జారుడు ఆయన చేతిలో మొదటిసారే వచ్చింది.

"దీంతో ఏ కత సెప్తారు బాబూ?" అని అడిగాడు.

"కథ కాదు తాతా, పాట పాడతారు. పంజరంలో పిట్ట గురించి" అన్నాను.

"పిట్టకీ కతుంటది కదా" అని తీగ మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు.